మీ శ్రుతి ఎంత? యూనివర్సిటీ సంగీత ప్రవేశ పరీక్షకు ఎలా సిద్ధం కావాలి

లోపలికి వెళ్లి కూర్చోగానే అడిగే మొదటి మాట పాట గురించి కాదు. "శ్రుతి ఎంతమ్మా?" అంటారు. అంటే మీ గొంతుకు సరిపోయే ఆధార స్వరం ఎంత ఎత్తులో ఉందని. ఇంటర్ అయ్యాక నేను మొదటిసారి ప్రవేశ పరీక్షకు వెళ్లినప్పుడు ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. హనుమకొండలో మా మేడం ఇంట్లో శ్రుతిపెట్టె ఆమే పెట్టేవారు, నేను పాడేదాన్ని. ఎంత పెడుతున్నారో ఎన్నడూ చూసుకోలేదు. నేను మాట్లాడకపోయేసరికి అక్కడున్న ఒకాయన ఐదున్నర పెట్టారు. నాది నాలుగున్నర. వర్ణం (కచేరీ మొదట్లో పాడే, స్వరాలూ సాహిత్యమూ కలిసిన రచన) పల్లవి, అనుపల్లవి ఎలాగో లాక్కొచ్చాను. చరణ స్వరాల్లో తారస్థాయికి (పై స్థాయికి) వెళ్లేసరికి గొంతు చీలిపోయింది. ఆ ఏడు నాకు సీటు రాలేదు. ఒక్క అంకె తెలియక ఒక ఏడాది పోయింది.

ఇప్పుడు నర్సంపేట, పరకాల, జనగామ వైపు నుంచి బస్సెక్కి నా దగ్గరికి నేర్చుకోవడానికి పిల్లలు వస్తున్నారు. వాళ్లను పరీక్షకు పంపే ముందు మూడు నెలలు ఏం చేయిస్తానో అదే ఇక్కడ రాస్తున్నాను. కర్ణాటక గాత్రాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నా, వాద్యాలవాళ్లకూ చాలా భాగం పనికొస్తుంది.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. లోపల మిమ్మల్ని వినేది కొద్ది నిమిషాలే. మీకు ఎన్ని కృతులు (పల్లవి, అనుపల్లవి, చరణాలున్న పాటలు) వచ్చో లెక్కపెట్టే తీరిక వాళ్లకు ఉండదు. ముప్పై కృతులు సగం సగం వచ్చినవాళ్ల కంటే నాలుగు కృతులు శ్రుతి జారకుండా, తాళం తప్పకుండా పాడేవాళ్లనే తీసుకుంటారు. ఎందుకంటే మిగతా ఇరవై ఆరు వాళ్లు నేర్పుకోగలరు. జారే శ్రుతిని సరిచేయడం మాత్రం చాలా కష్టం. కాబట్టి ఈ మూడు నెలల్లో కొత్త పాటలు పోగేయకండి.

మొదటి పని: ఎక్కడికి వెళ్తున్నారో తేల్చుకోండి

వరంగల్‌లోనే విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అక్కడ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు చేయవచ్చు. యూనివర్సిటీ అంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం. పొట్టి శ్రీరాములు పేరు మీద ఉండేది, 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. పాత సర్టిఫికెట్ల మీద ఒక పేరు, కొత్త నోటిఫికేషన్‌లో ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడొద్దు, రెండూ ఒకటే. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, ఆడపిల్లలకైతే తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలోనూ సంగీత శాఖలు ఉన్నాయి. కాశీ దాకా వెళ్లగలిగితే బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సంగీత నృత్యాలకు ఒక ఫ్యాకల్టీయే ఉంది.

నోటిఫికేషన్ రాగానే ప్రింట్ తీసి, ప్రాక్టికల్‌కు ఏం అడుగుతారో రాసిన పేరా కింద పెన్సిల్‌తో గీత గీయండి. ఒకచోట వర్ణం, కృతి చాలు అంటారు, ఇంకోచోట రాత పరీక్ష కూడా ఉంటుంది. పీజీకి వెళ్లేవాళ్లను రాగాలాపన (మాటలు లేకుండా రాగాన్ని విస్తరించి పాడటం), కల్పన స్వరాలు (అప్పటికప్పుడు అల్లి పాడేవి) అడుగుతారు. ఆ పేరాను మీ గురువుగారి ముందు పెట్టి ఇద్దరూ కూర్చుని చదవండి. సీనియర్లు చెప్పింది నమ్మి చదవకుండా వెళ్లినవాళ్లు ఇబ్బంది పడటం చూశాను.

రెండో పని: మీ శ్రుతి మీరే కనుక్కోండి

దీని మీద ఒక వారం పూర్తిగా పెట్టండి, తొందరపడొద్దు.

హార్మోనియం మీద శ్రుతి 1 అంటే సి మెట్టు. దాని పక్క నల్ల మెట్టు ఒకటిన్నర. డి మెట్టు 2, దాని పక్క నల్లది రెండున్నర, ఇ మెట్టు 3. తర్వాత ఎఫ్ 4, నల్లది నాలుగున్నర, జి 5, నల్లది ఐదున్నర, ఎ 6. మూడుకూ నాలుగుకూ మధ్య నల్ల మెట్టు లేదు, అందుకే మూడున్నర శ్రుతి అనే మాట వినిపించదు. ఫోన్‌లోని తంబూరా యాప్‌లలో ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాలే ఉంటాయి కాబట్టి ఈ లెక్క కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.

ఉదయం లేచిన అరగంటకు, గొంతు కాస్త విచ్చుకున్నాక కూర్చోండి. ఒక శ్రుతి పెట్టి మంద్రస్థాయి (కింది స్థాయి) పంచమం (ప) దాకా దిగండి. స్వరం గాలిగా కాకుండా పలుకుతోందా? తర్వాత తారస్థాయి పంచమం దాకా ఎక్కండి. మెడ నరాలు బిగుస్తున్నాయా, గడ్డం పైకి లేస్తోందా? అద్దం ముందు పెట్టుకుంటే తెలిసిపోతుంది. కింద పలికి, పైన బిగుసుకోని చోటే మీ శ్రుతి. వరుసగా ఏడు రోజులు చూసి రోజుకొక అంకె రాసుకోండి. జలుబున్న రోజు వచ్చిన అంకెను లెక్కలోకి తీసుకోకండి.

చిన్నప్పటి నుంచి నేర్చుకుంటున్న మగపిల్లలు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. గొంతు మారాక కూడా పాత శ్రుతి మీదే పాడాలని గుంజుకుంటారు. పదమూడేళ్లప్పుడు ఐదు శ్రుతిలో పాడిన అబ్బాయికి పద్దెనిమిదేళ్లకు ఒకటో, ఒకటిన్నరో సరిపోవచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఆడపిల్లలకు వచ్చే చిక్కు వేరు. పోటీల్లో గట్టిగా వినపడాలని అర శ్రుతి పెంచి పాడించి ఉంటారు, అదే అలవాటైపోతుంది. దాన్ని దించుకోండి.

శ్రుతి దొరికాక రోజూ చేయాల్సిన సాధన ఒకటి చెబుతాను. తంబూరా పెట్టి షడ్జమం (స) పట్టి నిలపండి. పక్కన అమ్మనో తమ్ముడినో కూర్చోబెట్టి, మీకు చెప్పకుండా తంబూరా సౌండ్ పూర్తిగా తగ్గించమనండి. మీరు స్వరం వదలకుండా, మధ్యలో ఊపిరి తీసుకుంటూ అదే చోట నిలవండి. అర నిమిషం తర్వాత సౌండ్ పెంచితే మీరు ఎక్కడున్నారో బయటపడుతుంది. మొదటి రోజు దాదాపు అందరూ కిందికి జారి ఉంటారు. పంచమం మీద చేయండి, ఆ తర్వాత గాంధారం మీద. రెండు వారాల్లో తేడా మీ చెవికే తెలుస్తుంది. నా పిల్లలకు ఇంతకంటే ఎక్కువ మేలు చేసిన సాధన ఇంకోటి లేదు.

మూడో పని: ఏం పాడాలో ఎంచుకోవడం

ఆది తాళ వర్ణం ఒకటి, రెండు కాలాల్లో (మామూలు వేగం, దానికి రెట్టింపు వేగం). కృతులు మూడు. అందులో ఒకటి కల్యాణి, శంకరాభరణం, ఖరహరప్రియ లాంటి పెద్ద రాగంలో ఉండాలి, ఇంకోటి ఆది కాని తాళంలో, రూపకమో మిశ్రచాపో. మూడోది మీకు ప్రాణమైన పాట. నిజంగా ఇష్టమైన పాట పాడేటప్పుడు ముఖం మారుతుంది, అది ఎదురుగా ఉన్నవాళ్లకు కనిపిస్తుంది.

కష్టమైన పాట పాడితే మెచ్చుకుంటారని మాత్రం అనుకోకండి. వాళ్లు ఆ పాటను మీకంటే బాగా ఎరుగుదురు. మీ చేతిలో అది తడబడితే తడబాటే వినిపిస్తుంది. నిన్న మొన్న నేర్చుకున్న కృతి వద్దు, కనీసం ఆరు నెలలు మీ నోట్లో నానింది కావాలి.

పాఠాంతరం, అంటే ఆ పాటను పాడే తీరు, ఒక్కటే పెట్టుకోండి. ఇవాళ పిల్లలు సంగతులు (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీర్లు) యూట్యూబ్‌లో ఒకరి దగ్గర, స్వరాలు ఇంకొకరి దగ్గర తీసుకుని గురువు చెప్పినదానికి అతికిస్తున్నారు. వినేవాళ్లకు అతుకు తెలిసిపోతుంది. అలాగే మన దగ్గర భజన మందిరాల్లో, రామాలయాల్లో విని నేర్చుకున్న రామదాసు కీర్తనలు ఉంటాయి. అవి పాడాలనుకుంటే గురువు దగ్గర స్వరంతో సహా మళ్లీ నేర్చుకోండి. భజనలో పదిమందితో కలిసి పాడిన నడక, ఒంటరిగా తంబూరా ముందు పాడితే నిలబడదు.

సాహిత్యం సంగతి. త్యాగరాజస్వామి తమిళదేశంలో ఉండి రాసినా చాలా కృతులు తెలుగులోనే రాశారు. అది మన భాష. తెలుగు రానివాళ్లు వాటిని కంఠతా పట్టి పాడతారు, మనకు అర్థమయ్యే పాడే వీలుంది. పరీక్షలో "ఈ చరణానికి అర్థం ఏంటమ్మా?" అని అడిగితే మాటలు వెతుక్కోవడం మనకు తగదు. ప్రతి కృతికీ అర్థం మీ సొంత మాటల్లో ఒక పేజీ రాసుకోండి. తర్వాత పుస్తకం చూడకుండా మీ ఇంట్లో సంగీతం తెలియనివాళ్లకు చెప్పి చూడండి.

ఉచ్చారణ విషయానికి వస్తే, మా ములుగు, మహబూబాబాద్ పిల్లలు తమ యాస చూసి సిగ్గుపడతారు. మాట్లాడేటప్పుడు యాస ఉంటే ఏ నష్టమూ లేదు, "శ్రుతి నాలుగున్నర సార్" అని మీ మాటలోనే చెప్పండి. పాటలో మాత్రం శ, ష, స వేరువేరుగా పలకాలి, ళ దగ్గర ల రాకూడదు, వత్తులు మింగకూడదు. ఒక కృతిని తాళం లేకుండా, రాగం లేకుండా పద్యం చదివినట్టు గట్టిగా చదివితే తప్పులన్నీ బయటపడతాయి. పోతన పుట్టిన బమ్మెర మనకు దగ్గరే. భాగవత పద్యాలు రోజుకు రెండు పైకి చదివితే నాలుక దానంతట అదే సాగుతుంది.

నాలుగో పని: తాళం చేతిలోకి రావాలి

ఆది తాళంలో లఘువుకు నాలుగు, రెండు ద్రుతాలకు నాలుగు, మొత్తం ఎనిమిది అక్షరాలు. ఇది అందరికీ తెలుసు. తెలిసి కూడా తప్పేది ఎక్కడంటే, సంగతి పెద్దదయ్యేకొద్దీ చెయ్యి తొందరపడుతుంది. గొంతు పరుగెత్తితే చెయ్యి దాని వెంట పోతుంది. నిజానికి చెయ్యి లాగిపట్టాలి, గొంతు దానికి లోబడాలి.

మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి వర్ణం మొదటి కాలం పాడండి, ఆపకుండా అదే దెబ్బ మీద రెండో కాలం పాడండి. మళ్లీ మొదటి కాలానికి తిరిగి రండి. ఇలా తిరిగి రావడమే కష్టం. చాలామంది రెండో కాలం బాగా పాడి, వెనక్కి వచ్చేటప్పుడు వేగం మోసుకొస్తారు. ఇది కుదిరాక 50కి దించండి. నిదానంగా పాడటమే అసలు పరీక్ష.

మీ ఇంట్లో బతుకమ్మ పాటలు పాడే అమ్మో, నాయనమ్మో ఉంటే వాళ్లను పాడమని, మీరు చప్పట్లు లెక్కపెట్టండి. నడక మూడు మూడుగా వస్తోందా, నాలుగు నాలుగుగానా? పాట దెబ్బ మీద ఎత్తుకుంటున్నారా, దెబ్బ తర్వాతా? సమం (దెబ్బ మీద ఎత్తుకోవడం), అనాగతం (దెబ్బ తర్వాత ఎత్తుకోవడం) అని పుస్తకంలో చదివి తలపట్టుకున్న పిల్లలు, ఉయ్యాల పాట లెక్కపెట్టాక ఒక్క సాయంత్రంలో అర్థం చేసుకున్నారు. తాళం మనకు పరాయిది కాదు.

ఐదో పని: వాళ్లు అడిగేవాటికి

పాట మధ్యలో ఆపి, ఒక చిన్న స్వర గుచ్ఛం పాడి "ఇది పాడు" అంటారు. ఇంకోసారి అకారంలో (స్వరాల పేర్లు పలకకుండా 'ఆ' అంటూ) పాడి "స్వరాలు చెప్పు" అంటారు. దీనికి రోజూ పది నిమిషాలు కేటాయించండి. తోటి విద్యార్థి నాలుగు స్వరాలు అకారంలో పాడాలి, మీరు పేర్లు చెప్పాలి. మోహనంతో మొదలుపెట్టండి. ఐదు స్వరాలే కాబట్టి చెవి తొందరగా పట్టుకుంటుంది. తర్వాత మాయామాళవగౌళ, ఆ తర్వాత కల్యాణి.

మీరు పాడే ప్రతి రాగానికీ ఆరోహణ, అవరోహణ, మేళం సంఖ్య, స్వరస్థానాలు నోటికి రావాలి. మేళకర్త (మూల) రాగమైతే సంఖ్య మరిచిపోయినా కటపయాది (అక్షరానికో అంకె ఇచ్చే పద్ధతి) తెలిస్తే అక్కడే లెక్క తీయవచ్చు. మాయామాళవగౌళలో మొదటి రెండక్షరాలు మా, యా. మకు 5, యకు 1. తిరగేస్తే 15. ధీరశంకరాభరణంలో ధకు 9, రకు 2, తిరగేస్తే 29. జన్య రాగాలకు (మేళకర్తల నుంచి పుట్టినవాటికి) ఇది పనిచేయదు, వాటి మేళం గుర్తుపెట్టుకోవాల్సిందే.

మీది వరంగల్ అనగానే ఇక్కడి సంగీత నృత్య చరిత్ర మీదికి మాట మళ్లవచ్చు. కాకతీయ గణపతిదేవుని గజ సేనాధిపతి జాయప సేనాని 13వ శతాబ్దంలో సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడని, పాలకుర్తి వైపు పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో ఆనాటి వాద్యాల పేర్లు, రాగాల పేర్లు ఉన్నాయని తెలిసి ఉండాలి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రామప్ప గుడికి ఒకసారి వెళ్లి, నాట్యం చేసే బొమ్మల పక్కన మద్దెల వాయించేవాళ్లను చూసి రండి. చదివి చెప్పేదానికీ చూసి చెప్పేదానికీ తేడా ఉంటుంది.

ఆరో పని: చీటీల డబ్బా

పరీక్షకు నెల రోజుల ముందు నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ఒక స్టీలు డబ్బా తెరుస్తాం. అందులో మడిచిన చీటీలు ఉంటాయి. "వర్ణం రెండో కాలం నుంచి మొదలుపెట్టు", "కృతి అనుపల్లవి నుంచి ఎత్తుకో", "తాళం వేయకుండా పాడు", "ఖరహరప్రియ రెండు నిమిషాలు ఆలాపన", "ఇప్పుడు పాడినదానికి అర్థం చెప్పు". పక్కింటి ఆంటీ, కింద కిరాణా కొట్టు అంకుల్, ఇంకెవరైనా పెద్దవాళ్లు ఎదురుగా కుర్చీల్లో కూర్చుంటారు. పిల్లలు బయట మెట్ల మీద ఉంటారు. పేరు పిలిస్తే లోపలికి వచ్చి, నమస్కారం పెట్టి, కింద కూర్చుని, శ్రుతి చెప్పి, పెట్టుకుని, చీటీ తీయాలి. మధ్యలో కావాలనే ఎవరో ఒకరు "చాలు" అంటారు.

ఆ "చాలు" అనడం ముఖ్యం. ఒక ఏడు మా దగ్గర నేర్చుకునే అమ్మాయి ఒకతి పరీక్షలో పల్లవి పూర్తికాకుండానే "చాలమ్మా, ఇంకోటి పాడు" అన్నారని, అయిపోయింది అనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండో పాట ఆ ఏడుపు గొంతుతోనే పాడింది. మొదటి పాటలో వాళ్లకు కావాల్సింది దొరికింది కాబట్టే ఆపారని ఆమెకు తెలియదు. అప్పటి నుంచే డబ్బా పెట్టాం. ఆపితే ఆగి, ఊపిరి తీసుకుని, అడిగింది మొదలుపెట్టడం అలవాటు కావాలి.

ప్రతిసారీ ఫోన్‌లో రికార్డు చేయండి. అప్పటికప్పుడు వినకండి, మర్నాడు వినండి. వింటూ నోటుబుక్‌లో "1:12 దగ్గర నిషాదం తక్కువ", "3:40 తర్వాత చెయ్యి తొందర" అని నిమిషాలతో రాయండి. వారం వారం ఆ పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ తప్పు పోయింది, ఏది మొండిగా మిగిలింది అన్నది కనిపిస్తుంది. మిగిలినదాని మీదే తర్వాతి వారం సాధన.

ఎండాకాలం, గొంతు

ఇంటర్ ఫలితాల తర్వాత సాధన ముమ్మరమయ్యేసరికి మన దగ్గర ఎండలు 40 డిగ్రీలు దాటతాయి. తెల్లవారుజామున ఐదింటికి లేచి మంద్రస్థాయి సాధన చేయండి, పది దాటాక ఎండ తగ్గేదాకా గొంతు విప్పకండి. కూలర్ గాలి నేరుగా ముఖానికి తగిలేలా పడుకోవద్దు. పెళ్లిళ్ల సీజన్ కూడా అదే, డీజే పక్కన నిలబడి అరుచుకుంటూ మాట్లాడితే మర్నాడు గొంతు రాదు. పెరుగు, పులుపు తినాలా వద్దా అన్నదానికి ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. మీకు ఏది పడదో మీకే తెలుసు, అది ఆ వారం మానేయండి. బొంగురు రెండు వారాలు దాటితే సొంత వైద్యం వద్దు, ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.

కాగితాలు, ప్రయాణం

పదో తరగతి, ఇంటర్ మెమోలు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, ఫోటోలు, సంగీతం సర్టిఫికెట్ ఉంటే అది. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో ముందే పెట్టండి, చివరి వారంలో పరుగులు పెడితే సాధన పోతుంది. రెండు సెట్లు జిరాక్స్ తీయించి ఒకటి ఇంట్లో ఉంచండి.

తెలుగు విశ్వవిద్యాలయం చాలా ఏళ్లు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ దగ్గర ఉండేది, ఇప్పుడు బాచుపల్లికి మారింది. పాత జ్ఞాపకంతో నాంపల్లిలో దిగకండి, హాల్‌టికెట్ మీద అడ్రస్ చూసుకోండి. హనుమకొండ నుంచి బస్సులో వెళ్తే ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి మియాపూర్ వరకు వెళ్లవచ్చు. హైదరాబాద్‌లో బంధువులు ఉంటే ముందు రోజే వెళ్లి పడుకోండి. తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కి, కిటికీ గాలికి కూర్చుని, దిగీ దిగగానే పాడితే గొంతు ఎండిపోయి ఉంటుంది.

ఆ రోజు

అలవాటైన టిఫిన్ తినండి, కొత్తది ఏదీ వద్దు. కాటన్ బట్టలు వేసుకోండి, నేల మీద కూర్చుని ఊపిరి నిండా తీసుకోగలగాలి. ఫోన్‌లో తంబూరా యాప్ వాడేటట్టయితే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, పాట మధ్యలో ఇంటి నుంచి ఫోన్ వచ్చిన సందర్భాలున్నాయి. ఇంటర్నెట్ లేకుండా ఆ యాప్ పనిచేస్తుందో లేదో ఇంట్లోనే చూసుకోండి. వయొలిన్ వాళ్లు అదనపు తంత్రులు పెట్టుకోండి, వీణ వాళ్లు అక్కడ వాద్యం ఇస్తారా, సొంతది తెచ్చుకోవాలా అని ముందే కనుక్కోండి.

బయట వరండాలో మిగతావాళ్లు సాధన చేస్తుంటారు. ఎవరో ఒకరు మీ పాటే మీకంటే బాగా పాడుతున్నట్టు అనిపిస్తుంది. అక్కడి నుంచి లేచి కొంచెం దూరం వెళ్లి, మీ శ్రుతిలో స ప స మెల్లగా అనుకుంటూ ఉండండి. ఎంతమందిని పంపినా, ఆ వరండాలో నిలబడితే నాకు కూడా టెన్షన్ వస్తుంది. అది రావడం తప్పేమీ కాదు.

లోపల నమస్కారం పెట్టి, కూర్చుని, శ్రుతి అడగకముందే మీరే చెప్పండి. తంబూరా మొదలయ్యాక వెంటనే ఎత్తుకోకండి. రెండు ఊపిర్లు వినండి. వాళ్లు ఎదురుచూస్తున్నారని భయం వద్దు, శ్రుతి వినే విద్యార్థిని ఎవరూ తొందరపెట్టరు. తప్పు పోతే తాళం ఆపకండి, చెయ్యి నడుస్తూనే ఉండాలి, తర్వాతి ఆవర్తనంలో (తాళం చుట్టులో) అందుకోండి. ముఖం మీద "అయ్యో" అని కనిపించనివ్వకండి. తెలియని ప్రశ్నకు "తెలియదండి, నేర్చుకుంటాను" అనండి. ఊహించి చెప్పిన తప్పు సమాధానం ఇంకో ప్రశ్నను లాక్కొస్తుంది.

బయటికి వచ్చాక వెంటనే ఎవరికీ ఏమీ చెప్పకండి, ముందు నోటుబుక్ తీయండి. ఏం పాడమన్నారు, ఎక్కడ ఆపారు, ఏం అడిగారు, మీరు ఏం చెప్పారు, ఒక్కటీ వదలకుండా రాయండి. తిరుగు రైలు భువనగిరి దాటేసరికి సగం మరిచిపోతారు. ఆ పేజీ ఫోటో తీసి మీ గురువుగారికి పంపి, ఆ తర్వాత అమ్మకు ఫోన్ చేయండి.